సొంత ఇంటి తప్పు రాసిన చెయ్యి



తనకల్లు బస్టాండు దగ్గరి టీకొట్టు బల్లమీద పొద్దున్నే రెండు దినపత్రికలు పడి ఉంటాయి. ఏది ఏ పార్టీ పత్రికో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వేరుశెనగ వేసి, మొగం చాటేసిన వాన కోసం ఆకాశం చూసి చూసి, చివరికి పంట బీమా డబ్బైనా వస్తుందేమోనని ఎదురుచూసే రైతు గురించి రెండూ రాస్తాయి. బీమా ఆలస్యమైతే ఒక పత్రికకు అది రైతుకు చేసిన ద్రోహం, రెండోదానికి చిన్నపాటి సాంకేతిక జాప్యం. ప్రభుత్వం మారగానే ఈ రెండు మాటలూ చోట్లు మార్చుకుంటాయి. ఎండిన చేను మాత్రం ఎండినట్టే ఉంటుంది.

సాయంత్రం టీవీ చర్చల్లోనూ ఇదే తంతు. ఒకరు ఒక తప్పు ఎత్తి చూపగానే ఎదుటివారు ఆ తప్పు జరిగిందా లేదా అని మాట్లాడరు. మీ ప్రభుత్వం ఉన్నప్పుడు మీరెందుకు నోరు మెదపలేదని అడుగుతారు. అడిగించుకున్నవారు అదే ప్రశ్నను తిప్పికొడతారు. గంట గడిచిపోతుంది. అసలు విషయం అక్కడే ఉండిపోతుంది.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరు పెద్దలు నా దగ్గరకు వచ్చారు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే వరుసలో కూర్చునేవారే. చెరో పార్టీ. అయ్యగారూ, వాళ్ళ విశ్లేషకులు చేసేది వేషధారణ కాదా, మీరే చెప్పండి అని మొదటాయన అడిగారు. ఆయన పక్కకు వెళ్ళగానే రెండో ఆయన కూడా ఇంచుమించు అవే మాటలతో అవతలివారి గురించి అడిగారు. ఆ రోజు నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఊరుకోవడం సరికాదనిపించింది. జవాబుగా ఒక పత్రికా సంపాదకుడి జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఆయన పేరు షోయబుల్లా ఖాన్. ఆయన మన విశ్వాసానికి చెందినవారు కాదు, మన జిల్లావారు కూడా కాదు. కానీ ఆయన పుట్టిన నేల, మన నేల ఒకప్పుడు ఒకే నిజాం ఏలుబడిలో ఉండేవి. 1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించబట్టే మనవి దత్త మండలాలు అయ్యాయి. అప్పగించకుండా ఉంచుకున్న తెలంగాణ నేలమీద, ఆ తర్వాత దాదాపు ఒకటిన్నర శతాబ్దానికి, ఆయన కథ జరిగింది.

పాలకుల మతంలో పుట్టినవాడు

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరులో వరంగల్లు ప్రాంతంలోని మహబూబాబాద్ తాలూకాలో పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కొడుకు ముఖంలో గాంధీ పోలికలున్నాయని మురిసిపోయి, ముద్దుగా ఆ పేరుతోనే పిలిచేవారని చెబుతారు. ఆ రోజుల్లో హైదరాబాదు సంస్థానంలో ఒక ముస్లిం ప్రభుత్వోద్యోగి ఇంట్లో వినిపించవలసిన ముద్దుపేరు కాదది.

ఆనాటి సంస్థానం ఎలా ఉండేదో కొంచెం గుర్తు చేసుకోవాలి. జనంలో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే హిందువులు. పాలకుడు ముస్లిం, పెద్ద ఉద్యోగుల్లో ఎక్కువమంది ముస్లింలు, పాలనా భాష ఉర్దూ. పల్లెల్లో జమీందార్లు, దేశ్‌ముఖ్‌ల వెట్టిచాకిరీ. ఆ దేశ్‌ముఖ్‌లలో చాలామంది హిందువులే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసినది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. కాబట్టి దీన్ని రెండు మతాల పోరాటమని ఒక్క మాటలో తేల్చేస్తే సగం నిజం చెప్పినట్టే. ఒక ప్రభుత్వం, దాన్ని అంటిపెట్టుకుని బతికే బలవంతులు ఒకవైపు. నోరులేని జనం మరోవైపు.

అలాంటి చోట ఒక చదువుకున్న ముస్లిం యువకుడికి దారి సాఫీగా ఉండేది. షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నారు. బోధన అంతా ఉర్దూలో సాగిన విద్యాలయం అది. ఆయన చెయ్యి తిరిగిన భాష, కొలువుల భాష ఒక్కటే. ప్రయత్నిస్తే సర్కారు ఉద్యోగం దొరికేది. మౌనంగా ఉంటే సుఖంగా బతికేవారు. ఆయన పత్రికల్లో చేరారు.

ముందు ఒక ఉర్దూ వారపత్రికలో రాశారు. తర్వాత రయ్యత్ అనే ఉర్దూ దినపత్రికలో చేరారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ. దాని సంపాదకుడు మందుముల నరసింగరావు. ఒక తెలుగు హిందువు ఉర్దూ పత్రిక నడపడం, ఒక ముస్లిం యువకుడు ఆయన దగ్గర పని నేర్చుకుని తన సొంత వర్గపు ప్రభుత్వాన్ని విమర్శించడం నేటి మన లెక్కల్లో ఇమడని సంగతి. పేరు చూసి, కులం చూసి, ఎవరు ఏ పక్షాన మాట్లాడతారో ముందే చెప్పేసే అలవాటు మనది. ఆ కార్యాలయంలో ఆ లెక్క పనిచేయలేదు. 1947లో ప్రభుత్వం రయ్యత్‌ను మూయించింది.

ఈ రోజు అనే పత్రిక

1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన సంస్థానాన్ని భారతదేశంలో కలపలేదు, స్వతంత్రంగా ఉంటానన్నారు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడు, లాతూరు వకీలు కాశిం రజ్వీ నడిపిన రజాకార్ల దళాలు పల్లెలమీద పడుతున్నాయి. దోపిడీలు, ఇళ్ళ దహనాలు, హత్యలు మామూలైపోయాయి. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరినా పల్లెలకు నెమ్మది దొరకలేదు.

ఆ నవంబరులోనే, ఒప్పందానికి రెండు వారాల ముందు, షోయబుల్లా ఇమ్రోజ్ పత్రికను మొదలుపెట్టారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం. బూర్గుల రామకృష్ణారావు అండగా నిలిచారు. ఇంట్లో ఉన్న నగలు కూడా ఈ పత్రిక ఖర్చులకే కరిగిపోయాయని చెబుతారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్ళు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయనకు ఒక పక్షం లేదని నేను అనడం లేదు. ఉంది. సంస్థానం భారతదేశంలో కలవాలని, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలని ఆయన కోరుకున్నారు. ఆయనకు సాయపడిన బూర్గుల కాంగ్రెస్ నాయకుడు, తర్వాత 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి. శత్రువులు దీన్నే పట్టుకున్నారు. అవతలివారికి అమ్ముడుపోయాడని, మతానికి ద్రోహం చేశాడని ప్రచారం చేశారు. పక్షం ఉండడం పాపం కాదు, ప్రియులారా. ఆలోచించే ప్రతి మనిషికీ ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయం కోసం ఎవరి కోపం కొని తెచ్చుకుంటున్నాం అన్నదే చూడాలి. తన పాఠకుల్లో చప్పట్లు కొట్టేవారి కోసం రాసేవాడు ఒకడు. తన వీధిలో తలెత్తుకుని నడవలేని పరిస్థితి వస్తుందని తెలిసీ రాసేవాడు ఇంకొకడు. షోయబుల్లా ఉర్దూలో రాశారు. ఉర్దూ చదివేవారిలో ఎక్కువమంది ఆయన సొంత జనమే, పాలకులే, అధికారులే. హిందువుల మెప్పు ఒక్కటే కావాలంటే ఆయన తెలుగు పత్రికల్లో రాయించుకోవచ్చు, బెజవాడ వెళ్ళి క్షేమంగా ఉపన్యాసాలు ఇవ్వవచ్చు. తన ఇంటివారికి, ఇంటి భాషలో, వారి మధ్యనే ఉండి చెప్పడాన్ని ఆయన ఎంచుకున్నారు.

పగలు ఒక ప్రభుత్వం, రాత్రి మరొక ప్రభుత్వం నడుస్తున్నాయని, రజాకార్ల రాజ్యం చీకటి పడ్డాక మొదలవుతుందనే భావంతో 1948 జనవరిలో ఆయన రాసిన సంపాదకీయాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. బెదిరింపులు వచ్చాయి. పత్రిక ఆగలేదు.

1948 ఆగస్టు

ఆ ఏడాది ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. బాఖర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ వారిలో ఉన్నారు. రజాకార్లను రద్దు చేయాలని, సంస్థానాన్ని భారత యూనియన్‌లో చేర్చాలని వారు నిజామును కోరారు. రజాకార్ల అకృత్యాలను కళ్ళారా చూసి సర్కారు ఉద్యోగం వదులుకుని వచ్చినవారు ఫరీద్ మీర్జా. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చు వేసింది.

అన్నిటికన్నా రజ్వీని మండించింది ఇదే. ఒక వర్గం పేరు చెప్పి పెత్తనం చేసేవాడు బయటివారి విమర్శను లెక్కచేయడు. పైగా అది అతనికి లాభం, మనవాళ్ళమీద దాడి జరుగుతోందని కేకవేసి అందరినీ కూడగట్టుకోవచ్చు. సొంత వర్గంలోంచి లేచిన ఒక్క గొంతు మాత్రం అతని పునాదిని కదిలిస్తుంది. అందరి తరఫునా మాట్లాడుతున్నాననే అతని మాట అబద్ధమని అది బయటపెడుతుంది. అందుకే ప్రతి గుంపూ శత్రువు కంటే ముందు తనలోని నిజాయితీపరుణ్ణి వెదికి పట్టుకుంటుంది.

ఆగస్టు 19న హైదరాబాదులోని జమురుద్ మహల్ థియేటర్‌లో జరిగిన సభలో, తమకు వ్యతిరేకంగా రాసే చేతులు నరకబడతాయనే అర్థం వచ్చేలా రజ్వీ మాట్లాడాడు. రెండు రోజులు గడిచాయి. ఆగస్టు 21 రాత్రి షోయబుల్లా కాచిగూడలోని పత్రిక కార్యాలయంలో పొద్దుపోయేదాకా పని చేశారు. అర్ధరాత్రి దాటాక బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటిదారి పట్టారు. చప్పల్ బజారు దగ్గర దుండగులు అడ్డగించి షోయబుల్లాను తుపాకులతో కాల్చారు. కత్తులతో చెయ్యి నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్‌ను కూడా నరికారు. ఆయన గాయాలతో బతికి బయటపడ్డారు. షోయబుల్లా 22వ తేదీ తెల్లవారేసరికి ప్రాణం విడిచారు. పత్రిక పుట్టి ఏడాది కూడా నిండలేదు. ఇంట్లో తల్లిదండ్రులు, భార్య మిగిలారు.

అదే నెల 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరిమీద పడి పదుల సంఖ్యలో జనాన్ని కాల్చి చంపారు. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయారు. షోయబుల్లా కోరుకున్న రోజు ఆయన పోయిన నాలుగు వారాలకే వచ్చింది. రజ్వీ జైలుశిక్ష అనుభవించి, 1957లో విడుదలై, పాకిస్తాన్ వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడ ఆగదు

చాలామంది ఈ కథను సెప్టెంబరు 17 దగ్గర ఆపేస్తారు. నాకు తెలిసినంతలో అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. సైనిక చర్య జరిగిన రోజుల్లో, ఆ తర్వాతి వారాల్లో, సంస్థానంలోని పలు జిల్లాల్లో, ముఖ్యంగా మరాఠ్వాడాలో, ముస్లింలమీద ప్రతీకార దాడులు జరిగాయి. రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేదలు కూడా చనిపోయారు. వాస్తవాలు తెలుసుకోవడానికి పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని కేంద్ర ప్రభుత్వం పంపింది. ఆ బృందంలో ఒకరు ఖాజీ అబ్దుల్ గఫార్. హైదరాబాదులో పయామ్ అనే ఉర్దూ పత్రికను నడిపిన సంపాదకుడు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది వరకు చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల ముందుకు రాలేదు.

రజాకార్ల దురాగతాలను ఊరు, పేరు, తేదీలతో చెప్పే గొంతుల్లో చాలావరకు ఈ నివేదిక దగ్గర మూగబోతాయి. ఈ నివేదికను ఎత్తి చూపే గొంతుల్లో చాలావరకు బైరాన్‌పల్లి పేరు ఎత్తవు. ఒకరి శవాలను ఇంకొకరి శవాలకు సమాధానంగా చూపిస్తారు. ప్రతి సెప్టెంబరు 17కూ ఇదే గొడవ. ఒకరికి అది విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. 2022లో ఒకే రోజును ఒకే నగరంలో కేంద్రం విమోచన దినమని, రాష్ట్రం సమైక్యతా దినమని వేర్వేరుగా జరిపాయి. 2024లో మరో ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినోత్సవం అంది. ప్రతి వేదికమీదా షోయబుల్లా పేరు వినిపిస్తుంది. ముస్లింలను దెప్పడానికి కొందరు, తమలోనూ మంచివారున్నారని రుజువు చూపడానికి కొందరు ఆయన్ను వాడుకుంటారు.

ఆయన్ను గౌరవించే పద్ధతి ఇది కాదని నా నమ్మకం. షోయబుల్లా తన వర్గాన్ని విమర్శించారు గనుక మేమూ ఆయన వర్గాన్ని విమర్శిస్తాం అనడం ఆయన మార్గం కాదు. ఆయన తన వర్గాన్ని విమర్శించారు గనుక నేను నా వర్గాన్ని ప్రశ్నిస్తాను అనడమే ఆయన మార్గం. ఆయన పేరు ఎత్తడానికి హక్కు ఉన్నవాడు తన పార్టీ సభలో తన పార్టీ తప్పు చెప్పగలిగినవాడే.

మన బల్ల సొరుగు

ఇంత రాశాక నా సంగతి దాచుకుంటే నేనూ వేషధారినే. చాలా ఏళ్ళ క్రితం ఒక సంఘ సభ్యురాలు నాకు ఉత్తరం రాసింది. వాళ్ళ సంఘపు స్థలం అమ్మిన డబ్బుకు లెక్క చెప్పడం లేదని, అడిగితే వెలివేస్తామంటున్నారని దాని సారాంశం. ఆ పెద్దలు నాకు తెలిసినవారు. దేవుని ఇంటి విషయం వీధిలో పెట్టకూడదని నాకు నేను నచ్చజెప్పుకుని ఆ ఉత్తరాన్ని సొరుగులో వేశాను. అదే వారం రాజకీయ నాయకుల భూకబ్జాల మీద ఘాటుగా ఒక సంపాదకీయం రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. ఆమె ఏమీ అనలేదు. మళ్ళీ ఎప్పుడూ నాకు రాయలేదు. ఆ సంపాదకీయంలో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ అది రాయడానికి నాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, ఒక్క స్నేహితుడు దూరం కాలేదు. తేలికగా వచ్చిన ధైర్యం ధైర్యం కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

గనుక ఆ ఇద్దరు పెద్దలకు నా జవాబు ఇది. అవును, అవతలి విశ్లేషకులు చేసేది వేషధారణే. ఇద్దరూ చెప్పింది నిజమే. అయితే అవతలివారి వేషధారణను నిరూపించినంత మాత్రాన మన నిజాయితీ రుజువు కాదు. అప్పుడెందుకు మాట్లాడలేదని ఎదుటివాణ్ణి అడగడం తప్పు కాదు, కానీ ముందు ఆ ప్రశ్నను మన ఇంట్లో అడగాలి. ఎదుటివాడు నిన్న మౌనంగా ఉన్నాడు కాబట్టి ఈ రోజు జరిగిన అన్యాయం న్యాయమైపోదు. బీమా డబ్బు అందని రైతుకు ఎవరు వేషధారో తేలితే ఒరిగేదేమీ లేదు.

వచ్చే ఆదివారం ఆ ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి, ఎవరి పార్టీ చేసిన తప్పు వారు ముందు చెప్పమని అడగబోతున్నాను. టీకొట్టు దగ్గర మీరూ ఇలా చేసి చూడండి. మాట మొదట్లో కష్టంగా వస్తుంది. పక్కన ఉన్న మనవాళ్ళే ముఖం చిట్లిస్తారు. అయినా చెప్పండి.

ఇక ఈ పత్రిక విషయం. మన సంఘాల్లో, మన సంస్థల్లో, ఈ సంపాదకుడి రాతల్లో జరిగిన తప్పుల గురించి ఆధారాలతో వచ్చే ఉత్తరాలు ఇకమీదట సొరుగులోకి వెళ్ళవు. విచారించి, అవతలివారి మాట కూడా విని, అచ్చు వేస్తాం. ఒకప్పుడు నాకు ఉత్తరం రాసిన ఆ సహోదరి ఇది చదువుతుంటే, ఆమె ఇంకొక్కసారి రాయాలని కోరుతున్నాను.